యాల్జ వేసిన వరద బొమ్మ

వర్బానిక
1970 నవంబరు 12

తమ్ముడు ఇంబ్రోకి,

యేసు మరియలకు స్తుతి. నిన్న మార్టిన్ పండుగ. కొత్త వైన్‌కు నామకరణం చేశాం. బిషప్ వేషం ఈసారి పోస్ట్‌మన్‌కి దక్కింది. తాగి మంత్రాలు మరిచిపోయి, ఉత్తరాల మీది చిరునామాలు రాగం తీసి చదివాడు. పొట్టలు పట్టుకుని నవ్వాం. నీ వాటా గ్లాసు నేనే తాగాను. పొద్దున లేస్తే తలనొప్పి కూడా నీ వాటాదే వచ్చింది.

మొక్కజొన్న కోత అయిపోయింది. పెద్ద బాతులు బలిశాయి. నేను పొయ్యి పక్కకి బల్ల జరుపుకుని, పాత కిటికీల గాజుపలకలు కడిగి పెట్టుకున్నాను. పొలం మంచు కింద పడుకుంటే గాని మాకు బొమ్మల కాలం రాదు, నీకు తెలుసుగా.

అసలు సంగతికి వస్తాను. లోవ్రో మాస్టారు పట్టుబట్టి వచ్చే మే నెలలో మన అగ్నిమాపక దళం ఫైర్ హాల్లో ప్రదర్శన పెట్టిస్తున్నారు. జాగ్రెబ్ నుంచి గ్యాలరీ ఆయన కూడా వస్తాడట. గాజు మీద వేసేవాళ్ళం ఆరుగురం, చెక్క చెక్కేవాళ్ళు ముగ్గురు. రెండువందల గడపల ఊళ్ళో తొమ్మిదిమంది. "మీ ఊళ్ళో కోడి కూస్తే చాలు, ఎవరో ఒకరు దాని బొమ్మ వేసేస్తారు" అని పక్క ఊరివాళ్ళు ఏడుస్తున్నారు. ఏడవనీ. వాళ్ళ కోళ్ళలో బొమ్మకి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

చెక్కేవాళ్ళు ముగ్గురన్నాను చూడు, అందులో నువ్వొకడివి. నీ పేరు నేనే ఇచ్చాను. ఒక్క ఎద్దును చెక్కి తీసుకురా. నువ్వు చెక్కిన ఎద్దు పక్కన నిలబడితే నిజం ఎద్దే సిగ్గుపడుతుంది.

నీ అక్క
యాల్జ


ఉల్మ్
1970 నవంబరు 29

అక్కకు,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత నవ్వాను. మా గదిలో నలుగురం. ఇద్దరు తుర్కీవాళ్ళు, మన బ్లాజ్, నేను. పోస్ట్‌మన్ సంగతి బ్లాజ్‌కి చదివి వినిపించాను. వాడు నవ్వితే, ఎందుకో తెలియకపోయినా తుర్కీవాళ్ళు కూడా నవ్వారు.

పని మామూలే. అలమారలు బిగిస్తాం. ఇక్కడ చెక్క అనేది రంపపు పొట్టుకు జిగురు కలిపి నొక్కిన పలక. దానికి నార లేదు, ముడి లేదు, వాసన లేదు. ఉలి పెడితే పిండిలా రాలుతుంది.

నా పేరు తీసేయించు. నేను చెక్కడం మానేసి ఐదేళ్ళయింది. చేతులకు ఆ పని గుర్తులేదు. మాస్టారికి నా నమస్కారాలు చెప్పు. నీ బొమ్మ ఒక్కటి చాలు మన ఇంటి పరువుకి.

మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకో. చలికాలం నీకు దగ్గు వస్తుంది.

తమ్ముడు
ఇంబ్రో


వర్బానిక
1971 జనవరి 10

ఒరేయ్ ఇంబ్రో,

పేరు తీయించను. చేతులు మరిచిపోతాయా? నేను పన్నెండేళ్ళు పాలు పితకలేదు. మొన్న పొరుగింటామె జబ్బుపడితే వాళ్ళ ఆవు కింద కూర్చున్నాను. చేతులే వెతుక్కున్నాయి.

ఈ ఉత్తరం బ్లాజ్ చేతికే ఇస్తున్నాను. క్రిస్మస్‌కి వచ్చినవాడు జర్మనీ కోటు వేసుకుని ఊరంతా తిరిగాడు. దానికి గుండీలెన్నో, అన్ని సంగతులు చెప్పాడు. సాసేజీలు, మిరపపొడి కలిపిన జున్ను ముద్దలు నాలుగు, ఒక సీసా గుమ్మడిగింజల నూనె కట్టి ఇచ్చాను. జున్ను మూడే చేరితే నాలుగోది ఎవరు తిన్నారో నీకు తెలుసు.

వాడు మాట కూడా అడగకుండా తలుపు తోసుకుని వంటింట్లోకి వచ్చేశాడు. నేనప్పుడే ప్రదర్శన బొమ్మ మొదలుపెట్టాను. "చూడకురా, అవలేదు" అని గరిటె తీసుకుని తరిమాను. అప్పటికే ఒక చూపు చూసేశాడు దొంగవెధవ.

బొమ్మ ఏమిటో నీకు చెప్పను. ఇది మాత్రం చెబుతాను. అందులో నువ్వున్నావు. అందరికంటే ముందున్నావు. ఊరంతా నిలబడి నిన్ను చూడాలని నాకు ఐదేళ్ళుగా కోరిక.

అక్క
యాల్జ


ఉల్మ్
1971 జనవరి 31

అక్కకు,

సాసేజీలు అందాయి. జున్ను ముద్దలు మూడు అందాయి.

నన్ను ఏ బొమ్మలోనూ పెట్టకు. ఊరు నన్ను చూడాల్సినంత చూసింది.

మేలో సెలవు దొరకదు.

ఇంబ్రో


వర్బానిక
1971 ఫిబ్రవరి 14

ఇంబ్రో,

నాలుగు ముక్కలు రాశావు. అందులో జున్ను లెక్క ఒకటి. నేను ఆ కాగితాన్ని పొయ్యి మీది గూట్లో పెట్టి, వంటింట్లోకి వచ్చినప్పుడల్లా తీసి చదివాను. నా కంటికి కనబడనిది ఇంకేమైనా రాశావేమోనని.

నాకు తోచింది చెప్పేస్తాను. పెంకుటిళ్ళ ఊళ్ళో, బురద బూట్లతో, పందుల పక్కన నీ మొహం కనబడితే నీకిప్పుడు నామోషీ. అలమారలు బిగించే దొరవయ్యావు. సరే, అవ్వు. కానీ మన నాన్న చెప్పులు లేకుండా దున్నాడు. ఆ పాదాలే నేను మొదట వేసిన బొమ్మ. అది చూసి ఎవరూ నవ్వలేదు. జాగ్రెబ్ ఆయన టోపీ తీశాడు.

ఇంకో మాట కూడా రాకపోలేదు మనసులోకి. ఇదివరకు ఈ ఇంట్లో కళాకారుడంటే నువ్వు. నేను నీకు రొట్టె పెట్టే అక్కని. ఇప్పుడు నా బొమ్మ కోసం కార్లు వస్తున్నాయి. అది నీకు గుచ్చుకుంటోందా? కాదని రాయి. రాస్తే నమ్ముతాను.

బొమ్మ ఆపను. ఆపమంటే ఆగే వయసు నాది కాదు, యాభై ఆరు నిండాయి.

యాల్జ


ఉల్మ్
1971 మార్చి 3

అక్కా,

కాదు. కాదని రాశాను, నమ్ము. నీ బొమ్మ కోసం కారు వచ్చిందని విన్న రోజు మా వర్క్‌షాపులో మేస్త్రీతో సహా అందరికీ చెప్పాను. "మై షెస్టర్, మలేరిన్" అని నాకొచ్చిన జర్మన్ ముక్కల్లో చెప్పాను. నా అక్క చిత్రకారిణి అని.

నువ్వు నోరు తెరిచి అడిగావు కాబట్టి నేనూ తెరుస్తాను.

బ్లాజ్ వచ్చి ఏం చెప్పాడో విను. "మీ అక్క వరద బొమ్మ వేస్తోందిరా. నువ్వు మెడలోతు నీళ్ళలో నీ చెక్క ఎద్దుని కౌగిలించుకుని ఉన్నావు. పక్కన ఫైర్ వాళ్ళ పునీతుడు ఫ్లోరియన్ విగ్రహం. ఇంకెవరూ లేరు. అచ్చం ఫైర్ దళం విన్‌కో చెప్పినట్టే" అన్నాడు. వాడు నవ్వుతూనే చెప్పాడు. వాడికి అందులో తప్పు కనబడలేదు. ఊళ్ళో అందరూ చెప్పుకునే కథే కదా.

ఐదేళ్ళ కిందటి ఆ వరద రోజు గుర్తుందా? కట్ట తెగింది. అందరూ చర్చి దిబ్బ మీద ఉన్నారు. ఫైర్ వాళ్ళ పడవ పై ఊరికి పోయింది. పల్లంలో రేవు ఇంటి కప్పు మీద మాండ, వాళ్ళ అత్త అగాత ఉన్నారని నాకు తెలుసు, నా బొమ్మల షెడ్డు దగ్గర్నుంచి వాళ్ళ కేకలు వినబడుతున్నాయి. నేను నీళ్ళలోకి దిగి షెడ్డు తలుపు విరగ్గొట్టి బొమ్మలు బయటికి లాగుతుంటే, దిబ్బ మీద నుంచి విన్‌కో అరిచాడు, "చూడండి, వీడు చెక్క బొమ్మల్ని కాపాడుకుంటున్నాడు" అని. వాడు అరిస్తే అరిచాడు. తర్వాత ఒక ఆడగొంతు వినబడింది. "మనుషులు మునిగిపోతుంటే నీకు బొమ్మలు కావలసొచ్చాయా ఇంబ్రో." అది నీ గొంతు అక్కా.

మర్నాడు నేను నడిచి తిరిగొచ్చినప్పుడు నువ్వు పొడి బట్టలిచ్చావు, సూప్ పోశావు. ఒక్క మాట అడగలేదు. నీకు నా మొహం చూడడం ఇష్టంలేదని అనుకున్నాను. అక్కే నమ్మాక ఇంకెవరికి చెప్పుకోను? నాలుగు నెలలకు రైలెక్కాను.

ఇప్పుడు దాన్నే బొమ్మ వేసి హాల్లో పెడతానంటున్నావు. అందరికంటే ముందు నేనేనంటున్నావు.

ఇంబ్రో


వర్బానిక
1971 మార్చి 12

నా తమ్ముడూ,

నీ ఉత్తరం పోస్ట్‌మన్ ముందే విప్పాను. చదువుతూ గుమ్మంలోనే కూలబడ్డాను. ఆయన భయపడి "ఎవరైనా పోయారా యాల్జా?" అన్నాడు. "లేదు, ఐదేళ్ళు పోయాయి" అన్నాను.

ఆ మాట నేనన్నది నిజం. అన్నానని కూడా మరిచిపోయాను. అన్నవాళ్ళు మరిచిపోతారు, పడ్డవాడికే గుర్తుంటుంది. నన్ను క్షమించమని అడగడానికి నాకు పెద్దరికం అడ్డం రావడంలేదు. క్షమించు.

కానీ ఆ మాట అన్నాక ఏం చేశానో నీకు తెలియదు. నువ్వు పాప్లార్ చెట్ల వెనక్కి మలుపు తిరిగిపోయావు. కనబడలేదు. ఉండబట్టలేకపోయాను. చర్చి గంట గోపురం ఎక్కాను, నూట పది మెట్లు. పై నుంచి చూశాను. ఎద్దు, ఫ్లోరియన్, నువ్వు మూడు చలికాలాలు చెక్కిన ఆ కోతకత్తె బొమ్మ, మూడింటినీ పగ్గాలతో కట్టి తెప్ప చేశావు. లిండెన్ చెక్క బెండులా తేలుతుందని నీకు తప్ప ఎవడికి తడుతుంది? ఎద్దు మెడ పట్టుకుని ఈదుతూ రేవు ఇంటికి లాక్కుపోయావు. కప్పు మీద నుంచి ఇద్దరినీ దింపి ఎద్దు వీపు మీద కూర్చోబెట్టావు. అవతలి రోడ్డు గట్టుకు చేర్చావు. నేను పైన ఒక్కదాన్ని, గంట తాడు పట్టుకుని ఏడుస్తూ నిలబడ్డాను.

నువ్వు వచ్చినప్పుడు ఏమీ అడగలేదన్నావు. ఏం అడగను? అంతా చూశాను కదా. నేను చూశానని నీకు తెలుసనుకున్నాను. ఇరవై ఏళ్ళ పని ద్రావా నదిలో కొట్టుకుపోయి వచ్చినవాడి ముందు ఏ మాటైనా చిన్నదే అనిపించింది. అందుకే ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం తప్పయింది.

ఊళ్ళో చెప్పాను కూడా. "అక్కవి నువ్వు చెప్పక ఇంకెవరు చెబుతారులే" అన్నారు. మాండ వాళ్ళని సైనికుల లారీ అట్నుంచి అటే తీసుకుపోయింది. కాపాడింది కూడా ఆ సైనికులేనని ఊరంతా నమ్మింది. అగాత ఆ చలికాలమే పోయిందట. మాండ ఓసియెక్‌లో కొడుకు దగ్గర ఉంది. సాక్ష్యానికి మనిషి లేదు. మనిషి లేకపోతే బొమ్మ చెబుతుందని పూనుకున్నాను.

ఇక ఆ బ్లాజ్ వెధవ. ఒరేయ్, గాజు బొమ్మ వెనక నుంచి వేస్తామని వాడికి తెలియదా, ఈ ఊళ్ళో పుట్టలేదా? దగ్గరున్నది మొదట, దూరాన ఉన్నది ఆఖర్న. వాడు తొంగిచూసిన రోజుకి నువ్వూ, ఎద్దు మెడా, ఫ్లోరియనూ మాత్రమే అయ్యాయి. మీ వెనక కూర్చున్న ఆడవాళ్ళని ఆ మరుసటి వారం వేశాను. ఆకాశం మొన్న ఆదివారం వేశాను.

నువ్వు వద్దంటే ఈ క్షణమే పొయ్యికేసి కొడతాను. నాకు బొమ్మ కంటే నువ్వెక్కువ. జవాబు రాయి.

అక్క


ఉల్మ్
1971 మార్చి 24

అక్కా,

పగలగొట్టకు.

అగాతని ఎలా కూర్చోబెట్టావు? మగవాడిలా రెండువైపులా కాళ్ళు వేసి కూర్చుంటే తప్పు. ఆమె ఒప్పుకోలేదు. "ఎనభై ఏళ్ళొచ్చాక కాళ్ళు చాపి ఎద్దెక్కమంటావా సిగ్గులేనివాడా" అని నీళ్ళ మధ్యలో నన్ను తిట్టింది. పక్కకే కూర్చుంది, చర్చి బల్ల మీద కూర్చున్నట్టు. మాండ వెనక నుంచి పట్టుకుంది.

ఎద్దు ఎడమ కొమ్ము కప్పుకు తగిలి అప్పటికే విరిగింది. చూసి వెయ్యి.

బ్లాజ్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. తల గోక్కున్నాడు. తర్వాత ఆ నాలుగో జున్ను ముద్ద తనే తిన్నానని ఒప్పుకున్నాడు.

మేలో సెలవు నిజంగానే దొరకదు. ఈసారి అబద్ధం కాదు.

ఇంబ్రో


వర్బానిక
1971 మే 18

బంగారు తమ్ముడూ,

ఇది పెద్ద ఉత్తరం. కూర్చుని చదువు. తుర్కీవాళ్ళకి కూడా చెప్పు.

అగాత కాళ్ళు ఒకవైపుకి తిప్పలేకపోయాను. ముందు వేసింది గాజుకి అంటుకుపోయింది, దాన్ని దిద్దాలంటే వెనకున్నదంతా గీకాలి. అందుకని మొత్తం కొత్త పలక మీద మొదటినుంచి వేశాను. నాట్లకాలంలో బొమ్మేమిటని అందరూ తిట్టారు. బంగాళాదుంపలు ఆలస్యమయ్యాయి. అవనీ. కొమ్ము కూడా విరిగే ఉంది.

ఆదివారం ప్రదర్శన. ఫైర్ హాలంతా సున్నం వేశారు. గోడల నిండా మా గాజుపలకలు, కిటికీల కింద చెక్క బొమ్మలు. బయట బ్యాండు. మూడు ఊళ్ళ జనం వచ్చారు. నా బొమ్మ నడి గోడకి. నీ చోటు ఖాళీగా ఉంచాను. మాస్టారు అక్కడ ఉత్త బల్ల వేసి నీ పేరు రాసిపెట్టారు.

విన్‌కో కొత్త ఫైర్ దళపతి టోపీతో వచ్చాడు. నా బొమ్మ ముందు నిలబడి మీసం దువ్వాడు. "బాగానే ఉంది యాల్జా. అయితే అక్కలు వేసే బొమ్మల్లో తమ్ముళ్ళందరూ వీరులే" అన్నాడు. నాలుగు నవ్వులు వినబడ్డాయి.

అప్పుడు వెనక నుంచి ఒకామె జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. నల్ల గుడ్డ తలకు కట్టుకుని, చేతిలో బస్సు ప్రయాణం సంచీ. నేను పోల్చలేదు. మాండ. మాస్టారు నాకు చెప్పకుండా ఓసియెక్‌కి ఉత్తరం రాశారట. "సాక్షి ఉంటే పిలవాలి గానీ, బొమ్మ మీదే భారమంతా వేస్తామా?" అంటున్నారు ఇప్పుడు.

మాండ బొమ్మకి ముక్కు ఆనించేంత దగ్గరగా నిలబడింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా చూసి అంది, "నన్నింత లావు చేశావేమే యాల్జా."

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు.

"అత్తమ్మ అచ్చం ఇలాగే కూర్చుంది. దారి పొడుగునా ఇతన్ని తిట్టింది. ఇతను ఒక్క మాట ఎదురాడలేదు. గట్టు చేరాక మమ్మల్ని లారీ ఎక్కించి, ఒంటి మీది చొక్కా పిండి అత్తమ్మ కాళ్ళు తుడిచాడు. తర్వాత తాడు తెగింది. ఆ బొమ్మలన్నీ నడిమధ్యకి పోయాయి. పోతుంటే ఇతను చూస్తూ నిలబడ్డాడు. నేను చూడలేక మొహం తిప్పుకున్నాను" అంది. అని విన్‌కో వైపు తిరిగింది. "నువ్వేమో అప్పుడు దిబ్బ మీద ఉన్నావనుకుంటా."

ఇంబ్రో, నేను విన్‌కోని ఐదేళ్ళు శపించాను. కానీ ఉన్నదున్నట్టు రాయాలి. అతను టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మొహం సున్నంలా పాలిపోయింది. బొమ్మలో ఫ్లోరియన్‌ని వేలితో చూపించి, "ఇది మన దళం కోసం చెక్కిన పునీతుడు. ఇవ్వకుండా పోగొట్టాడని ఇంబ్రోని తిట్టని రోజు లేదు. మాకంటే ముందు మా పునీతుడు డ్యూటీకి వెళ్ళాడన్నమాట. తీసుకెళ్ళింది ఇంబ్రో" అన్నాడు. అందరికీ వినబడేలా అన్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి, "అతనికి రాస్తావా, లేకపోతే నన్నే రాయమంటావా?" అని అడిగాడు. రెండూ చేద్దామన్నాను. అతని కాగితం ఇందులోనే మడిచి పెట్టాను. తప్పులున్నాయి, నవ్వకు. మూడుసార్లు రాశాడట.

ఆ తర్వాత జనం నీ ఖాళీ బల్ల ముందు కూడా ఆగి, కాసేపు నిలబడి వెళ్ళడం మొదలుపెట్టారు. మగవాళ్ళు టోపీలు తీశారు. ఉత్త బల్లకి టోపీలు తీయడం నేనెక్కడా చూడలేదు. నా బొమ్మకి కూడా అంత గౌరవం దక్కలేదు. దానికి నాకు రవ్వంత కూడా అసూయ లేదు.

జాగ్రెబ్ ఆయన వరద బొమ్మని గ్యాలరీకి ఇమ్మని, తర్వాత పరదేశాల్లో కూడా చూపిస్తామని అడుగుతున్నాడు. విన్‌కో మనుషులేమో హాల్లోంచి కదలనివ్వం అంటున్నారు. నా తమ్ముడు చెప్పిందే జరుగుతుందని ఇద్దరికీ చెప్పాను. చెప్పు.

గర్వంతో మెడ నిలవని
నీ అక్క యాల్జ


ఉల్మ్
1971 జూన్ 6

అక్కా,

నీ ఉత్తరం పని నుంచి వస్తూ ట్రామ్ స్టాపులో విప్పాను. మూడు ట్రాములు పోయాయి. ఎక్కలేదు.

విన్‌కో కాగితం చదివాను. నవ్వలేదు. అతనికి విడిగా జవాబు రాశాను. ఆ రోజు దిబ్బ మీద నుంచి చూస్తే ఎవరికైనా అలాగే కనబడుతుందని రాశాను. నేనే అక్కడ ఉంటే నేనూ అలాగే అరిచి ఉండేవాడినేమో. నోరు విప్పకపోవడం నా తప్పు. మన నాన్న మొండితనం నీకు సగం, నాకు సగం వచ్చింది.

బొమ్మని జాగ్రెబ్ పంపించు. ఊరు చూసింది, ఇక అందరూ చూడనీ. విన్‌కో వాళ్ళకి కొత్త ఫ్లోరియన్‌ని చెక్కి ఇస్తాను. దళానికి ఒక పునీతుడు ఉండాలి కదా. ఈసారి షెడ్డులో పెట్టుకోను, చెక్కగానే హాలుకి చేరుస్తాను.

ఇంకొకటి. మార్చిలో నీ ఉత్తరం వచ్చిన వారానికే మా మేస్త్రీని ఒక దుంగ అడిగాను. ముసలాయన తన పెరట్లో గాలికి పడిన లిండెన్ మొద్దు ఇచ్చాడు. ఎందుకని అడగలేదు. సాయంత్రాలు హాస్టల్ మెట్ల మీద కూర్చుని చెక్కాను. మొదటి రెండు రోజులు ఉలి చేతుల మాట వినలేదు. మూడో రోజు, నువ్వన్నట్టు, అవే వెతుక్కున్నాయి. తుర్కీవాళ్ళలో పెద్దాయన రోజూ వచ్చి పక్కన కూర్చుని పొట్టు ఊడ్చేవాడు. ఏం చెక్కుతున్నానో ఇరవై రోజులకు పోల్చుకుని, "నీ అక్క" అన్నాడు. ఆయన నిన్నెప్పుడూ చూడలేదు.

నువ్వే. వంటింటి బల్ల ముందు, ఒళ్ళో గాజుపలక, చేతిలో కుంచె. మెడకు ఉన్ని గుడ్డ కూడా చుట్టాను, నువ్వు ఎలాగూ చుట్టుకోవు కనుక. మొహం మాత్రం బాగా కుదిరింది. బ్లాజ్‌ని తరిమినప్పటి మొహం.

ఆగస్టులో నాలుగు వారాలు వస్తున్నాను. సెలవు కాగితం మీద సంతకం అయింది. బొమ్మని రైల్లో నా పక్క సీట్లోనే పెట్టుకుని తెస్తాను. ఖాళీగా ఉంచిన ఆ బల్లని మాస్టారు తీయించకుండా చూడు. ఎత్తు సరిపోతుందో లేదో కొలిచి రాయి, బొమ్మ రెండడుగులుంది.

అక్కడ నా పేరు రాసి పెట్టారన్నావు. దాని కింద ఇంకొక వరుస రాయించు. పునీతులు, ఎద్దులు, వరదలు ఏమీ వద్దు. "యాల్జ తమ్ముడు" అని రాస్తే చాలు.

ఇంబ్రో